చుక్క కూడా కారదన్న కారు

శనివారం పొద్దున ఆరుంబావుకు తెల్లాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి బయలుదేరాం. యాత్ర అనగానే గుడో, జలపాతమో, కొండ మీద సూర్యోదయమో ఆశించేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు. నేను బయలుదేరింది ఒక మనిషి ఇంటి ముందు కారు నిలిపి, తాళాలు ఆయన చేతిలో పడేసి, నాలుగు మాటలు అని, బస్సెక్కి వెనక్కి రావడానికి. దూరం నలభై కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం పోయేలోపు నా కోపం చల్లారుతుందని మా ఆవిడ సుజాత ఆశ. చల్లారకుండా చూసుకోవాలని నా పట్టుదల. నా నోటి మీద నమ్మకం లేకే ఆవిడ కూడా వచ్చింది.

ఆ మనిషి పేరు బాల్‌రెడ్డి. సంగారెడ్డి దాటాక ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలో ఒక ఊళ్ళో ఉంటాడు. ముప్పై రెండేళ్ళు ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో, షాపు అని పిలిచే ఒకే విభాగంలో పనిచేశాం. ఆయన ఫిట్టరు. నేను ఆయన బిగించినదాన్ని కొలిచి ముద్ర వేసే ఇన్‌స్పెక్టర్ని. తెనాలి పక్క పల్లె నుంచి ట్రంకుపెట్టెతో దిగిన నాకు మొదటి ఏడాది తన ఇంటి వెనక గది ఇచ్చింది ఆయనే. కిరాయి మాట ఎత్తితే మొహం మాడ్చుకునేవాడు. జొన్నరొట్టె ఎలా తుంచాలో ఆయన నాకు నేర్పాడు, గోంగూరలో పచ్చి ఉల్లిపాయ నంజుకోవడం నేను ఆయనకు నేర్పాను. ఇంతటి స్నేహం ఒక ఆయిల్ సీలు దగ్గర తెగిపోయింది.

కారు పదిహేడేళ్ళ నాటి జర్మన్ బండి. బాల్‌రెడ్డి కొడుకు ముచ్చటపడి ఎవరి దగ్గరో కొన్నాడు, తర్వాత ఎత్తు బండి మీద మోజు పుట్టి దీన్ని తండ్రికి వదిలేశాడు. ఏడేళ్ళు వాడాక బాల్‌రెడ్డికి మోకాళ్ళు అరిగి, అంత కింద సీట్లోంచి లేవలేక, నాలుగు నెలల కిందట నాకు ఇచ్చాడు. ఇచ్చేరోజు బానెట్ మీద చెయ్యి వేసి చెప్పాడు. "మూర్తీ, ఏడేండ్లు నా కొట్టంల ఉన్నది. సుక్క కూడా కారలే. ముందుగాల అమ్మవారి తానికి తీస్కపోయి పూజ జేయించు, ఎన్కసీరి ఇంటికి తోల్కపో." చెప్పినట్టే ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మహారాజులా ఇంటికి తోలుకొచ్చాను.

మూడు వారాలు బాగానే ఉంది. ఆ తర్వాత సెల్లార్‌లో నా పార్కింగ్ గడిలో, కారు కింద ఒక నల్లచుక్క. వారానికి అది అప్పడం అంత అయింది. నెలకు విస్తరి అంత. మా అసోసియేషన్ వాళ్ళు నా మరకను ఫోటో తీసి, దాని చుట్టూ ఎర్రగీత గీసి, మూడొందల కుటుంబాలున్న గ్రూపులో పెట్టారు. రోజూ పొద్దున్నే ఒడిశా నుంచి వచ్చిన సెక్యూరిటీ అతను సలాం కొట్టి, "సాబ్, ఫిర్ సే తేల్ గిరా" అని, మళ్ళీ నూనె కారిన కబురు చెప్పేవాడు. సలాం లేకపోయినా బాగుండేది.

గచ్చిబౌలి వైపు ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. ఇంటి హాలుకన్నా శుభ్రంగా ఉంది. కాఫీ ఇచ్చారు. టై కట్టుకున్న ఒక యువకుడు పలక లాంటి ఫోను పట్టుకుని వచ్చి, ఇంజిన్ వెనక నూనెను ఆపే రబ్బరు సీలు పోయిందనీ, ఇంజిన్ మొత్తం కిందికి దించాలనీ చెప్పాడు. పాత ఖరీదైన బండ్లన్నీ ఇంతేనట, రబ్బరు ఎండిపోయి ఏదో ఒక చోట నుంచి నూనె కక్కుతాయట. అంతటితో ఆగినా సరిపోయేది. "మీకిచ్చినాయన ఇంజిన్ కడిగించి ఇచ్చుంటారు సార్, కడిగితే కొన్నాళ్ళు తెలీదు" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. అక్కడే కుర్చీలో కూర్చుని మా రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపులో రాశాను: "ముప్పై ఏళ్ళ స్నేహితుడని నమ్మాను. ఏళ్ళ తరబడి తన కొట్టంలో కారిన బండిని కడిగి బాల్‌రెడ్డి నాకు అంటగట్టాడు. అందరూ జాగ్రత్త." పది నిమిషాలకు బాల్‌రెడ్డి గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు ఒక లైను కనబడింది. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నా ఫోను ఎత్తలేదు. తప్పు లేనివాడైతే ఎందుకు ఎత్తడు అని తొమ్మిది రోజులు నాలో నేను ఉడికిపోయి, పదో రోజు ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

ఊరికే వెళ్ళలేదు. ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె విప్పి, ఇంజిన్ కింద పట్టేంత ముక్క కోసి, దాని మీద పెన్నుతో గళ్ళు గీశాను. ఆగిన ప్రతి చోటా అట్ట కింద పెట్టడం, టైమూ ఊరూ రాయడం, పడ్డ చుక్కలు లెక్కపెట్టడం. జీవితమంతా చేసిన పని అదే కదా. "సాక్ష్యమా?" అంది సుజాత. "సాక్ష్యమే" అన్నాను.

ఆరూ నలభైకి రామచంద్రాపురంలో టిఫిను. మా ఫ్యాక్టరీ రోజుల నాటి హోటలే, పేరూ యజమానీ మారారు, సాంబారు మాత్రం అదే నీళ్ళసాంబారు. ఇటు వెళ్ళేవాళ్ళు ఇడ్లీకి అల్లం పచ్చడి అడిగి వేయించుకోండి, సాంబారు జోలికి పోకండి. పాతిక నిమిషాలు ఆగాం. తిరిగొచ్చి చూస్తే అట్ట మీద నాలుగు చుక్కలే. నాకు నిరాశ కలిగింది. సొంత కారు నుంచి నూనె తక్కువ కారిందని బాధపడే మనిషిని చూడాలంటే ఆ పూట నన్ను చూడాల్సింది.

అక్కడి నుంచి పటాన్‌చెరు దాకా రోడ్డు వెడల్పు పనులు. ఒకవైపు తవ్వేసి, రెండోవైపు అందరినీ తోసి, దుమ్మును మాత్రం రెండువైపులా సమానంగా పంచారు. పటాన్‌చెరు బస్టాండు దాటాక ఒక మనిషి చెయ్యెత్తాడు. భుజాన టిఫిన్ సంచీ, ఒంటి మీద ఏదో ప్లాస్టిక్ కంపెనీ చొక్కా. ఇస్నాపూర్ వెళ్ళాలట, బస్సు తప్పిపోయిందట. ఆపనన్నాను, సుజాత ఆపమంది, ఆపాను. బీహార్ అతను. అడుగున పరిచిన మ్యాటు మురికవుతుందని కాళ్ళు కొంచెం పైకెత్తి కూర్చున్నాడు. రెండు నిమిషాలు లోపలంతా కళ్ళింత చేసుకుని చూసి, ముక్కు ఎగబీల్చాడు.

"సాబ్, గాడీ ఏక్ నంబర్. లేకిన్ తేల్ జల్‌నే కా వాసన వస్తుంది."

"తెలుసు" అన్నాను.

"స్పీడ్ మే వస్తుంది సాబ్. స్లో మే లేదు. మా మౌల్డింగ్ మిషన్ కూడా ఐసా హీ. ప్రెషర్ జ్యాదా అయితే తేల్ బైటికి."

ఒళ్ళు మండింది. దారినపోయే ప్రతివాడూ నా కారుకు డాక్టరే. యాక్సిలరేటర్ తొక్కాను. ముత్తంగి దగ్గర, పైన అవుటర్ రింగు రోడ్డు వంతెన కనిపిస్తూ ఉండగా, బానెట్ అంచుల్లోంచి తెల్లగా పొగ లేచింది. పక్కకు లాగి ఆపాను. టైము ఏడూ యాభై. బీహార్ అతను దిగి, దణ్ణం పెట్టి, "బస్ మే జాతా సాబ్" అని నెమ్మదిగా నడిచిపోయాడు. లిఫ్టు ఇచ్చి నాలుగు కిలోమీటర్లకే దింపేసినందుకు అతను నన్ను తిట్టినా నాకు హాయిగా ఉండేది.

ముత్తంగిలో లారీలకు కొదవ లేదు కాబట్టి లారీ మెకానిక్కులకూ లేదు. గోడౌన్ల వరసకు ఎదురుగా రేకుల షెడ్డులోంచి యాభై ఏళ్ళ మనిషి వచ్చాడు. పేరు యాదగిరి. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి, మాట మాత్రం తేటగా ఉంది. నేను వెనక సీలు, ఇంజిన్ దించడం, మోసం, స్నేహం అన్నీ ఏకరువు పెడుతుంటే వినకుండా, "బానెట్ తెర్వుండ్రి సార్" అన్నాడు. ఇంజిన్ ఆన్ చేయమని, పైన ఆయిల్ పోసే మూతను మెల్లగా తిప్పి వదులు చేశాడు. మూత ఎవరో లోపల్నుంచి తన్నినట్టు ఎగిరి పడింది. నూనె పొగ ఆయన మొహాన కొట్టింది.

"దీనికి ఊపిరాడ్తలేదు సార్" అన్నాడు మొహం తుడుచుకుంటూ.

"నాకూ ఆడటం లేదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇంజన్ నడుస్తుంటే లోపల గాలి పుడ్తది. గది బైటికి పోనీకి ఒక రబ్బర్ పైపు ఉంటది. గా పైపు మూస్కపోతే గాలి యాడికి పోవాలె? ఆయిల్‌ని పట్టుకోని యాడ సందు దొర్కితే గాడికెల్లి తోస్తది. సీలుది కాదు తప్పు." ఇలా చెబుతూనే ఇంజిన్ వెనక వైపున్న పైపు మీదికి చెయ్యి పోనిచ్చి, చప్పున ఆగిపోయాడు. "ఇది అమ్మవారిదా సార్?"

అమ్మవారిదే. పూజ రోజున ఇచ్చిన ఎర్రదారం. బండికి కట్టుకోమన్నారు. మోటార్‌సైకిలుకైతే హ్యాండిలుంది, లారీకైతే ముందు కొక్కేలున్నాయి. ఈ నున్నటి కారుకు దారం కట్టే చోటే లేదు. అద్దానికి కడితే కడిగేవాళ్ళు తెంపుతారు. అందుకని బానెట్ ఎత్తి చూస్తే, అన్నీ ప్లాస్టిక్ మూతల మధ్య ఈ పైపు ఒక్కటే మనిషి మణికట్టులా కనిపించింది. పసుపునీళ్ళలో తడిపి, తొమ్మిది చుట్లు బిగించి, ఫ్యాక్టరీలో బరువులెత్తే తాళ్ళకు వేసే ముడి వేశాను. నలభై టన్నులు ఎత్తినా జారని ముడి. సుజాత పక్కన కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది.

"అమ్మవారిదే. ముట్టుకోకు" అన్నాను గట్టిగా.

యాదగిరి చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. "అయితే మీరే జూస్కోండ్రి సార్. అమ్మవారిది నేను ముట్ట." తర్వాత సుజాత వైపు తిరిగి, "మొఖానికేస్కునే పౌడర్ ఉన్నదా అమ్మా?" అని అడిగాడు. ఇంజిన్ చల్లారాక గుడ్డతో నూనెంతా తుడిచి, ఆవిడ సంచీలోని పౌడర్ డబ్బా ఖాళీ అయ్యేదాకా దాని మీద చల్లాడు. "యాభై దాటకుండ పోండ్రి. యాడికెల్లి కారుతుందో పౌడరే చెప్తది." తన నంబరు అట్టముక్క మూల రాసిచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే, రిపేరు చేయంది ఎందుకు తీసుకుంటానని లారీ కిందికి దూరిపోయాడు. మెకానిక్కు కూడా మోసం చేయనందుకు నాకు ఇంకా కోపమొచ్చింది, ఆ పూట నేను అలా ఉన్నాను. అట్ట మీద పదకొండు చుక్కలు.

ముత్తంగి నుంచి యాభై దాటకుండా పోవడం అంటే లారీల చేత తిట్లు తినడమే. ఇస్నాపూర్‌లో హారన్లు, రుద్రారంలో పెళ్ళి బస్సులు, కంది దగ్గర అడ్డంగా గేదెలు. దారి పొడవునా బాల్‌రెడ్డికి చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. మొదటిది నమ్మకద్రోహం గురించి, రెండోది ఉప్పు తిన్న విశ్వాసం గురించి. రెండోది తీసెయ్యమంది సుజాత. "ఆయన ఇంటి ఉప్పు తిన్నది మనం" అంది. సంగారెడ్డి ముందు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో తొమ్మిదీ నలభైకి టీ తాగాం. టీ బాగుంది, గ్లాసు చిన్నది. అట్ట మీద ఇరవై మూడు చుక్కలు. సాక్ష్యం బలంగా తయారవుతోందని నేను చేతులు రుద్దుకున్నాను.

పదిన్నరకు బాల్‌రెడ్డి ఇంటి ముందు ఆపాను. ఇంటి పక్కనే కొట్టం. ఒకప్పుడు ఎడ్లుండేవి, తర్వాత ఈ కారు ఉంది, ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు. సుజాతను చూసి లేచాడు.

"వచ్చినవా చెల్లె, కూసో" అన్నాడు ఆవిడతో. వాళ్ళావిడ లక్ష్మమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మా ముందు పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో నేను ఏడాది అన్నం తిన్నాను.

పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారే వచ్చేశాయి. అట్టముక్క ఆయన ముందు పరిచి, టైములు చదివి, చుక్కలు చూపించి, తాళాలు అరుగు మీద పెట్టాను. "ఇదిగో నీ చుక్క కారని బండి" అన్నాను. ఊళ్ళో నలుగురు వినేలాగే అన్నాను. ఆయన అట్ట వంక చూశాడు, నా వంక చూశాడు, గోడ పట్టుకుని మెల్లగా అరుగు దిగాడు.

"రా" అన్నాడు. కొట్టంలోకి తీసుకెళ్ళాడు. కింద షాబాద్ బండలు, కడిగిన పలకల్లా ఉన్నాయి. "షాబాద్ బండ నూనె తాగితే ఇడుస్తదా మూర్తీ? సబ్బు వెట్టు, సోడా వెట్టు, యాసిడ్ వొయ్యి, ఇడ్వది. మోకాళ్ళకు రాస్కునే నూనె రెండు సుక్కలు పడ్డా అరుగు మీద యాడాది నుంచి గట్లనే ఉన్నయ్, వచ్చేటప్పుడు జూసినవ్ గదా. ఏడేండ్లు నీ బండి ఈడనే ఉన్నది. మరక యాడున్నదో సూపియ్యి."

ఫోను లైటు వేసుకుని వంగి వెతికాను. మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. టైర్ల గీతలున్నాయి, ఎడ్ల గిట్టలు అరగదీసిన గుంటలున్నాయి. నూనె మరక ఒక్కటి లేదు. ముప్పై రెండేళ్ళు లోపాలు పట్టి జీతం తీసుకున్నవాణ్ణి, ఒక చుక్క పట్టలేకపోయాను. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "బండలు మార్పించి ఉంటావు" అన్నాను.

"ఛీ" అంది సుజాత. అంతకుమించి అవసరం లేకపోయింది.

బాల్‌రెడ్డి మొహం ఎర్రబడింది. గ్రూపులో రాసినప్పుడు కూడా ఒక్క మాట అనని మనిషి ఇప్పుడు అరిచాడు. "బండలు మారుస్తనా? నీ కోసం? ముప్పై రెండేండ్లు నేను బిగిచ్చిన ప్రతి బోల్టు కొలిసినవ్ గదరా. ఒక్కటన్న వదులున్నదా? ఒక్కసారన్న అబద్ధం జెప్పిన్నా? ఫోన్‌ల యాభై మందికి రాసెటందుకు నీకు చేతులెట్లొచ్చినయ్? రాసే ముందుగాల ఫోన్ జేసి అడిగితే నేను రానా, నీ బండి కింద పండుకోనా?" కొట్టంలోంచి బయటికొచ్చి కారు దగ్గరికి నడిచాడు. "బానెట్ తెరు."

తెరిచాను. యాదగిరి పౌడర్ తన పని తాను చేసింది. ఇంజిన్ వెనకా కిందా తెల్లగానే ఉంది, అక్కడక్కడ గీతలు మాత్రం దిగాయి. ఆ గీతలన్నీ ఇంజిన్‌ను పైన కప్పిన పెద్దమూత అంచుల నుంచి మొదలై, వెనక్కి జారి, కిందికి పోయి, వెనక సీలు దగ్గర బొట్లుగా వేలాడుతున్నాయి. "ఎనుకకెల్లి కాదు, పైకెల్లి వస్తుంది" అన్నాడు బాల్‌రెడ్డి. వేలితో గీత వెంబడే పైకి వెళ్ళాడు, మూత దాకా, మూత పక్క పైపు దాకా. అక్కడ ఆయన వేలు ఆగింది.

"గీ దారం ఎవలు కట్టిన్రు?"

ఆ ముడిని ఆయన గుర్తుపట్టాడు. ఆ ముడి మా షాపులో ఇద్దరే వేసేవాళ్ళం. దాన్ని నాకు నేర్పిందీ ఆయనే.

"పదిహేడేండ్ల రబ్బర్ ఇది. మెత్తవడ్డది. నువ్వు తడి దారం తొమ్మిది సుట్లు గుంజి కట్టినవ్. ఇంజన్ వేడికి అణిగి మూస్కపోయింది. గొంతు పిస్కినట్టే గదా. ఊపిరాడక అతుకులకాడ ఉండే గాస్కెట్లన్నిటిని బైటికి నూకుతుంది. నేనిచ్చిన నాడు దీని గొంతు మంచిగుండె."

వర్క్‌షాపులో బానెట్ ఎత్తిన టెక్నీషియన్ కూడా ఆ దారం చూసి కళ్ళకు అద్దుకుని, పైన ముట్టుకోకుండా కింది నుంచి చూడటానికి లిఫ్టు ఎక్కించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వాడి భక్తికి ముచ్చటపడ్డాను. వాడు ముట్టుకోలేదు, యాదగిరిని నేను ముట్టుకోనివ్వలేదు. మా అందరి భక్తీ కలిసి ఆ ఇంజిన్ పీక నొక్కింది. తొమ్మిది రోజులుగా పెంచిన కోపం ఇప్పుడు పోవడానికి ఎక్కడా చోటు లేక నా మీదికే తిరిగింది. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నేను నలుపును అట్ట మీద పట్టి, గళ్ళు గీసి, ఊరంతా తిప్పాను.

"కత్తెర ఇవ్వండి, తెంపేస్తాను" అన్నాను. సుజాత నా చెయ్యి పట్టుకుంది. అమ్మవారి దారాన్ని తెంపకూడదు, విప్పాలి. బాల్‌రెడ్డి కూడా తల అడ్డంగా ఊపాడు. లోపలి నుంచి దబ్బనం తెప్పించుకున్నాడు, గోనెసంచులు కుట్టే పెద్ద సూది. బానెట్ ముందు నిలబడి ఒకసారి దణ్ణం పెట్టి, "అమ్మా, తప్పైతే నాకే తగలనీ" అన్నాడు. తప్పు ఎవరిదో తెలిసి కూడా అలా అన్నాడు.

ఆ ముడి విప్పడానికి గంటంబావు పట్టింది. మోకాళ్ళు నిలవనివ్వక మధ్యలో రెండుసార్లు పీట మీద కూర్చున్నాడు. నేను విప్పుతానంటే, "నువ్వు కట్టుడే జాస్తి" అన్నాడు. నూనె పీల్చి, వేడికి ఎండి, దారం తీగలా అయింది. దబ్బనం మొనతో ఒక్కొక్క పోగూ లేపుతూ, ఒక్కటి కూడా తెగకుండా తొమ్మిది చుట్లూ విప్పి, సుజాత అరచేతిలో ఉండలా పెట్టాడు. పైపు మీద తొమ్మిది గాట్లు మిగిలాయి. రెండు వేళ్ళతో పిసికి దాన్ని గుండ్రంగా చేసి ఇంజిన్ ఆన్ చేయించి, ఆయిల్ మూత వదులు చేశాడు. ఈసారి మూత ఎగరలేదు, ఉన్నచోటే చిన్నగా ఊగింది.

"ఊపిరొచ్చింది. గని గాస్కెట్లు ఒక్కసారి జరిగినంక మల్ల వాటంతటవి కూసోవు. పైపు, గాస్కెట్లు కొత్తవి ఎయ్యాలె. గప్పటిదాంక కారుతనే ఉంటది" అన్నాడు. ముత్తంగి యాదగిరి నంబరు నా అట్ట మూల నుంచి చూసి తనే ఫోను చేశాడు. సోమవారం సామాను తీసుకుని వస్తానన్నాడట. ఇంజిన్ దించే పని లేదట.

ఒంటిగంటకు లక్ష్మమ్మ జొన్నరొట్టెలు, పప్పు, ఎండుమిరపకాయ పచ్చడి పెట్టింది. క్షమించమని అడగడానికి నేను రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ రొట్టె ముక్కే లోపలికి పోయింది. మూడోసారి అన్నాను: "బాల్‌రెడ్డీ, నాది తప్పు."

"తిను" అన్నాడు.

భోజనమయ్యాక తనే స్టీరింగు ముందు కూర్చుని కారును కొట్టంలోకి తీసుకెళ్ళాడు. ఆ కింద సీట్లోంచి లేవడానికి ఆయన పడ్డ కష్టం చూడలేక తల తిప్పుకున్నాను. తర్వాత పరుగెత్తుకెళ్ళి నా అట్టముక్కను ఇంజిన్ కిందికి తోయబోయాను. ఆయన కాలితో దాన్ని పక్కకు జరిపాడు.

"మరక పడుతుంది బాల్‌రెడ్డీ. షాబాద్ బండ, ఇక పోదు."

"పడనీ. నా కొట్టంల కారిందని రాసినవ్ గదా. కారనీ. ఇగ నీ మాట అబద్ధం గాదు."

అనేసి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. నేను కొట్టంలోనే నిలబడ్డాను. నిమిషం తర్వాత మొదటి చుక్క బండ మీద పడింది. చిన్నదే. బండ దాన్ని చూస్తుండగానే తాగేసింది. ఒళ్ళంతా మండిపోయింది, ఈసారి మాత్రం ఎవరి మీదో నాకు సరిగ్గా తెలుసు.

సంగారెడ్డి దాకా ఆటోలో, మూడూ యాభైకి అక్కడి నుంచి పటాన్‌చెరు బస్సులో బయలుదేరాం. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి సుజాతకు జీరో టికెట్టు, నాకు మామూలు టికెట్టు. శనివారం సాయంత్రం ఇటు వచ్చేవాళ్ళు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోకండి, ఎండ మెడ మీద కొడుతుంది. పక్క సీట్లో కూరగాయల గంపతో ఉన్న ఆమె ముక్కు మూసుకుని, "ఏంది, గింత ఇంజన్ ఆయిల్ కంపు?" అని కండక్టరును అడిగింది. ఆయన బస్సును అనుమానించాడు. అది బస్సు వాసన కాదు, నా చేతులదని చెప్పాను.

రుద్రారం దాటాక ఫోను తీసి గ్రూపులో రాశాను: "బాల్‌రెడ్డి బండి ఏడేళ్ళు ఆయన కొట్టంలో చుక్క కారలేదు. కారేలా చేసింది నేను. ఊపిరి పైపుకు దారం బిగించి కట్టింది నేను. ఆయన మోసం చేశాడని నేను రాసింది అబద్ధం. ఆయన ఇప్పుడు ఈ గ్రూపులో లేడు. లేకుండా చేసింది కూడా నేనే." సుజాత భుజం మీదుగా చదివింది.

"ఆయనకు కనబడదుగా ఇది" అంది.

"అప్పుడు రాసింది ఆయన కోసం కాదు, ఈ యాభై మంది కోసం. ఇదీ వాళ్ళే చదవాలి" అన్నాను. ఐదు నిమిషాల్లో ఏడు బొటనవేళ్ళు వచ్చాయి. ఒకాయన గులాబీ పువ్వు బొమ్మతో శుభసాయంత్రం అని పెట్టాడు. ఫోను కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

ఈ దారిలో పాత ఖరీదైన కారుతో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. రోడ్డు బాగోలేదు, రామచంద్రాపురంలో అల్లం పచ్చడి బాగుంది, ముత్తంగిలో యాదగిరి నమ్మదగ్గ మనిషి. నూనె కారితే ఎవరినైనా తిట్టేముందు బానెట్ ఎత్తి, మీ చేత్తో మీరేం కట్టారో చూసుకోండి. అమ్మవారి దారాన్ని స్టీరింగుకు కట్టుకోండి, వదులుగా.

అట్టముక్క నా ఒళ్ళోనే ఉంది. సాయంత్రం వెలుతురులో మళ్ళీ చదివాను. రామచంద్రాపురం నాలుగు, ముత్తంగి పదకొండు, పోతిరెడ్డిపల్లి చౌరస్తా ఇరవై మూడు. దాని కింద "బాల్‌రెడ్డి ఇల్లు" అని ఇంట్లో బయలుదేరేముందే రాసి పెట్టుకున్నాను, మిగతా వాటికన్నా పెద్ద అక్షరాలతో. ఆ గడి ఖాళీగా ఉంది.